నలుగురు హీరోలు, ఒక స్పైరల్ బైండింగ్

ఉట్నూరు,
29 జూన్ 2025, ఆదివారం.

అత్తమ్మా,

ముందు కూర్చో. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయారనో, ఎవరికో పిచ్చి పట్టిందనో అనుకుంటావని తెలుసు. నీ మేనకోడలు బాగానే ఉంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. గురుకులం హాస్టల్ వరండా నిండా తడి యూనిఫారాలు వేలాడుతున్నాయి. నా ఇంగ్లీషు క్లాసులో సగంమంది తుమ్ముతున్నారు, మిగతా సగం వాళ్ళను చూసి నవ్వుతున్నారు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, వినయ్. నిశ్చితార్థమైన వారానికే నా వాట్సాప్‌ను తన లాప్‌టాప్‌లో కూడా తెరిచి పెట్టుకున్నాడు. “మన నడుమ దాపరికాలేంది మృదులా” అన్నాడు. ఎవరితో ఎంతసేపు మాట్లాడానో కూడా సాయంత్రం అడుగుతాడు. మొన్న మా ప్రిన్సిపాల్ మేడమ్ ‘రేపు టిఫిన్ ఉప్మా’ అని స్టాఫ్ గ్రూపులో పెట్టింది. నేను చూసేలోపే వినయ్ ఫోన్ చేసి “ఉప్మా తినకు, నీకు గ్యాస్ ఐతది” అన్నాడు. నాకు గ్యాస్ వస్తుందని నేనెప్పుడూ ఆయనకు చెప్పలేదు.

సరే, అసలు పనికి వస్తాను. ఈ కవర్లో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఒక నవల ఉంది. రెండు వైపులా ప్రింట్ తీసి, స్పైరల్ వేసి, బస్సు కార్గోలో పంపు. దిల్‌సుఖ్‌నగర్‌లో అంత పెద్ద జిరాక్స్ షాపు నడిపే అత్త ఉండగా నేను ఫోన్‌లో చదవడం ఎందుకు? పైగా ఫోన్‌లో ఏం చదివినా వినయ్‌కి తెలిసిపోతుంది.

ఎలాగూ అడుగుతావు కాబట్టి చెప్తున్నాను. ఈ రకం నవలల్ని ఇంగ్లీషులో డార్క్ రివర్స్ హారెమ్ అంటారు. హారెమ్ అంటే ఒక రాజు, అంతఃపురం నిండా రాణులు. రివర్స్ అంటే ఒక అమ్మాయి, నలుగురు మగవాళ్ళు. డార్క్ అంటే ఆ నలుగురూ మంచివాళ్ళు కారు. చివరిదాకా ఆ పిల్ల వాళ్ళలో ఎవరినీ వద్దనదు, ఎవరినీ ఎంచుకోదు. అంతకంటే నువ్వు తెలుసుకోవలసింది ఏమీ లేదు. చదవకు.

ఇంకో మాట. మా స్టాఫ్ రూమ్‌లో పుస్తకం కనిపిస్తే అందరూ తిప్పి చూస్తారు. అట్ట మాత్రం ఏదైనా చదువుకు సంబంధించింది వెయ్యి.

నీ మృదుల


దిల్‌సుఖ్‌నగర్,
8 జూలై 2025.

నన్ను చదవొద్దన్న కోడలికి, చదివేసిన అత్త ఆశీర్వదించి రాసేది.

చదవకుండా ఉండటానికి నేనేమైనా మెషీనునా? మెషీన్ కూడా ఊరుకోలేదు. సరిగ్గా ఆ కత్తివాడు ఆ పిల్లను గోడకు ఆనించిన చోట కాగితం ఇరుక్కుపోయింది. బయటికి లాగాలంటే చూడాలి కదా. చూశాక ముందేం జరిగిందో తెలియాలి కదా. నా ఇంగ్లీషుకు అర్థమైనంత అర్థమైంది. కానిది ఊహించుకున్నాను. నేను ఊహించుకున్నదే ఎక్కువ ఘోరంగా ఉందని నా అనుమానం.

వాళ్ళ పేర్లు నాకు నోరు తిరగలేదు. అందుకే కత్తివాడు, డబ్బువాడు, డాక్టరు, మూగవాడు అని పెట్టుకున్నాను. నాకు కొన్ని ప్రశ్నలున్నాయి. సముద్రం ఒడ్డున అంత పెద్ద కోటలో నలుగురు మగవాళ్ళు ఉంటే ఆ నల్ల చొక్కాలన్నీ ఎవరు ఉతుకుతున్నారు? ఒక్కడైనా పొద్దున లేచి పాలు తెచ్చాడా? ప్రతి పేజీలో ఎవడో ఒకడు దవడ బిగిస్తాడు. అన్నిసార్లు బిగిస్తే పళ్ళు ఏం కావాలి? ఆ డాక్టరైనా చెప్పొద్దా? ఇక మొదటి పేజీలో ఆ హెచ్చరికలేమిటే! ఇందులో కిడ్నాప్ ఉంది, రక్తం ఉంది, బలవంతం ఉంది, మీ మనసు మీరే చూసుకోండి అని. పురుగుల మందు డబ్బా మీద కూడా ఇన్ని రాయరు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్లకు తల్లి లేదు, స్నేహితురాలు లేదు, మేనత్త అసలే లేదు. మేనత్త లేదు కాబట్టే ఎత్తుకుపోయారు. నేనుంటే ఆ కోట గేటు ముందు చెప్పు పట్టుకుని నిలబడేదాన్ని.

ఇప్పుడొక చిన్న పొరపాటు చెప్పాలి. అట్ట అడిగావు కదా, చేతికి అందిందని ‘జనరల్ స్టడీస్ – పేపర్ 2’ అట్ట వేశాను. వేసి కౌంటర్ మీద పెట్టి టీకి వెళ్ళాను. వచ్చేసరికి లేదు. చైతన్యపురి హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే సంతోషి అని ఒక పిల్ల ఉంది, నల్గొండ దగ్గర పల్లెటూరు. తన నోట్సులతో పాటు దాన్నీ తీసుకుపోయింది. నాలుగో రోజున వచ్చి గొంతు తగ్గించి అడిగింది. “అక్కా, గీ పేపర్ టూల గా పిల్లను మల్ల కోటకు తీస్కపోతరా లేదా? మా రూముల అందరం పరేషాన్ల ఉన్నం.” ఇంగ్లీషు కాంప్రహెన్షన్ పాఠమనుకుని మొదలుపెట్టిందట. కష్టమైన మాటలన్నిటి కింద గీతలు గీసుకుంది. తీసుకున్నది అడగలేక ఇంకో కాపీ తీసి నీకు పంపుతున్నాను.

వినయ్ మొన్న ప్లాటు కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి ఎల్బీనగర్ నుంచి వచ్చాడు. “మీ కోడలు పొద్దున్నించి ఫోన్ ఎత్తలే అత్తమ్మా” అని ఎంత బాధపడ్డాడో. మీ మామయ్య సంగతి నీకు తెలుసు. నేను వారం రోజులు సైదాబాద్ ఇంటికి రాకపోయినా, టీవీలో వార్తలు అయిపోయాక గానీ ఆయనకు అనుమానం రాదు. ఈ సంబంధం తెచ్చింది నేనే అని తలుచుకుంటే నాకు చాలా గర్వంగా ఉంది. ఆ ఉప్మా సంగతి చదివి మీ అమ్మకు కూడా చెప్పాను. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది, సంతోషంతో.

మీ అత్త
ఉదయలక్ష్మి


ఉట్నూరు,
20 జూలై 2025, ఆదివారం.

అత్తమ్మా,

పార్సిల్ అందింది. నీ విమర్శలో మృదువైన భాగాలు మాత్రం మా స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించాను. లెక్కల మాస్టారు బాపిరాజు గారు టీ గ్లాసు కిందపెట్టి మరీ నవ్వారు. ఆయన భీమవరం వైపు మనిషి, వచ్చే ఏడాది రిటైరవుతారు, షుగరుంది. “అమ్మాయ్, నలుగురు మగాళ్ళు ఒక ఇంట్లో ఉంటే ముందు టీవీ రిమోట్ దగ్గరే రక్తపాతం జరిగిపోద్దమ్మా” అన్నారు.

నువ్వు చెప్పిన తప్పులన్నీ నిజమే. ఇంకా ఉన్నాయి. ఆ నలుగురూ నిజానికి ఒక్కడే, నాలుగు ముక్కలు చేశారు. కథలో వేరే ఆడది వచ్చిందంటే అసూయపడటానికే వస్తుంది. ఎత్తుకొచ్చినవాడు చివర ఒక లైబ్రరీ కట్టించి ఇస్తాడు, ఆ పిల్ల వెంటనే క్షమించేస్తుంది. పుస్తకాల బీరువాలు చూపిస్తే కిడ్నాప్ మాఫీ అయ్యేట్టుంటే పోలీస్ స్టేషన్లన్నీ గ్రంథాలయాలుగా మార్చెయ్యొచ్చు.

అయినా ఎందుకు చదువుతున్నావంటే చెప్తాను, నవ్వకు. నా రోజు తెల్లవారక ముందు గంటతో మొదలవుతుంది. పిల్లల జ్వరాలు, పప్పులో పురుగులు, సంతకాలు, లెక్కలు. ఏది తప్పినా నన్నే అడుగుతారు. ఆ కోటలో ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగరు. అన్నీ ఎవరో నిర్ణయిస్తారు, తప్పంతా వాళ్ళదే, ఆమె హాయిగా కోప్పడొచ్చు. ఆమెకు కోపం వస్తే “జర తగ్గు, ఆడపిల్లవు” అని ఒక్కడూ అనడు. నలుగురు హంతకులు నోరు మూసుకుని వింటారు. మన ఇంట్లో మంచివాళ్ళే వినరు. అమ్మ నా మాట మధ్యలో కోయకుండా విన్నది ఎప్పుడో నాకు గుర్తులేదు. పైగా ఆ నలుగురిలో ఒకడు ఆమె దగ్గర కూర్చుంటే మిగతా ముగ్గురు ఎక్కడికి పోయావు, ఎవరితో మాట్లాడావు అని అడగరు. నాకు అన్నిటికంటే నచ్చింది అది.

ఆ హెచ్చరికల పేజీని మాత్రం ఎగతాళి చెయ్యకు. నేను ఈ రకం పుస్తకాల్లో గౌరవించేది ఆ పేజీనే. లోపల ఏముందో ముందే చెప్పి, ఇష్టమైతేనే రమ్మంటుంది. పెళ్ళిచూపులకు వచ్చిన ఏ మగవాడూ అలాంటి కాగితం చేతిలో పెట్టడు.

వినయ్ గురించి నువ్వు గర్వపడుతున్నావు కాబట్టి ఇంకాస్త పడు. ఆ నలుగురినీ కలిపి ముద్ద చేస్తే మన వినయ్. పోయిన ఆదివారం చెప్పకుండా వచ్చి స్కూలు గేటు ముందు కారు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఎందుకంటే “నువ్వు నిజంగ లోపల్నే ఉన్నవా లేవా సూద్దామని” అన్నాడు. బాపిరాజు మాస్టారు నాకు గొడుగు పట్టారని ఆయన వంక ఒక చూపు చూశాడు. అచ్చం కత్తివాడి చూపే. దవడ కూడా బిగించాడు. ఎంత అదృష్టం చూడు నాది. ఆ పిల్లకు కోట కావలసి వచ్చింది, నాకు ఒక తెల్ల కారు సరిపోయింది.

రెండో భాగం పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. పంపు.

నీ అదృష్టవంతురాలైన కోడలు
మృదుల


దిల్‌సుఖ్‌నగర్,
2 ఆగస్టు 2025.

అదృష్టవంతురాలైన కోడలికి,

నీ ఉత్తరం చదివి నా కడుపు నిండిపోయింది. ఇన్నాళ్ళూ నీకు ఆ అబ్బాయి నచ్చాడో లేదో, మా మొహమాటానికి ఒప్పుకున్నావేమోనని లోపల ఒక ముల్లు ఉండేది. ఇప్పుడు పోయింది. నీ నలుగురు హీరోలూ ఒక్కడిలో దొరికారని నువ్వే రాశావు. ఇంకేం కావాలి? అంతదూరం కారేసుకుని వచ్చి, సాయంత్రం దాకా గేటు ముందు కూర్చున్నాడా! మీ మామయ్య నన్ను మెట్రో స్టేషన్ దాకా దింపమంటే పెట్రోలు ధర చెప్తాడు.

రెండో భాగం నేను ముందే చదివేశాను. ఇప్పుడు నా అభిప్రాయం కొంచెం మారింది. మూగవాడు మంచివాడే. వాడొక్కడే ఆమె తలుపుకు లోపలివైపు గడియ బిగించాడు, చూశావా? ఆ చోట నాకు ఏడుపొచ్చింది. కస్టమరు వచ్చి ఆధార్ రెండు కాపీలు అంటే మూడు తీసి ఇచ్చాను. డబ్బువాడు మాత్రం నాకు ఇప్పటికీ గిట్టడు.

చైతన్యపురి హాస్టల్లో పరిస్థితి చేయి దాటిపోయింది. పక్క రూములవాళ్ళు కూడా వచ్చి “అక్కా, జనరల్ స్టడీస్ ఉందా, గా జనరల్ స్టడీస్” అని కన్ను కొడుతున్నారు. నిజంగా జనరల్ స్టడీస్ కావలసిన ఒక పిల్లవాడు అడిగితే సంతోషి వాడిని కొట్టినంత పని చేసింది. ఆ పిల్లలు రాత్రింబగళ్ళు ఒక గదిలో ఆరుగురు పడుకుని రాజ్యాంగం బట్టీపడుతున్నారు. నేను కాదనలేకపోయాను.

ఇప్పుడు నేను చేసిన ఒక తెలివైన పని విను. వినయ్ నిన్న షాపుకు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. “మృదులకు ఏమిష్టమో నాకు సమజైతలేదు అత్తమ్మా. ఏమడిగినా ఊఁ అంటది” అన్నాడు. నాకు జాలేసింది. మొదటి భాగం ఒక కాపీ తీసి చేతిలో పెట్టి, “గిది సదువు బిడ్డా, మా కోడలికి ఎసుంటోళ్ళంటే ఇష్టమో సమజైతది. ఆమెనే రాసింది, నువ్వు అచ్చం గట్లనే ఉంటవని” అన్నాను. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. పరీక్షకు చదువుతున్నట్టు పెన్సిల్ కూడా నా కౌంటర్ మీదిదే తీసుకుపోయాడు.

సిగ్గుపడకు. భార్య చదివే పుస్తకం చదివే మగవాడు మన వంశంలో ఇదే మొదలు.

మీ అత్త
ఉదయలక్ష్మి

తా.క. కార్తీకంలో ముహూర్తానికి శుభలేఖలు అచ్చుకు ఇచ్చాం. నమూనా పంపుతున్నాను. లక్ష్మీదేవి కొంచెం లావుగా వచ్చింది.


ఉట్నూరు,
17 ఆగస్టు 2025, ఆదివారం.

అత్తమ్మా,

నీకు తిట్లతో మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ఇది నాలుగోది. ఇందులో వెటకారం ఉండదు. వెటకారం చేసే ఇంతదాకా తెచ్చుకున్నాను.

అదృష్టమని రాసింది ఏడవలేక రాసింది. ఒక మనిషి గేటు ముందు కారు పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను కాపలా కాస్తే నాకు ఏం సంతోషం ఉంటుంది? ఉప్మా తిననివ్వకపోతే ఏం సంతోషం ఉంటుంది? నాకు ఉప్మా ఇష్టం. నువ్వు ఎత్తిపొడుపు కనిపెడతావనుకున్నాను. నువ్వేమో తీసుకెళ్ళి వాడికే వినిపించావు.

నిన్న వచ్చాడు. చేతిలో నీ స్పైరల్ పుస్తకం. నిండా పెన్సిల్ గీతలు. గీతలు ఎక్కడ గీశాడో తెలుసా? కత్తివాడు గోడకు ఆనించిన చోట, ఫోన్ పగలగొట్టిన చోట, తలుపుకు తాళం వేసిన చోట. ఆమె వద్దన్న చోట ఒక్క గీత లేదు. విజిటర్స్ గదిలో కూర్చోబెట్టి, “కథ మంచిగనే ఉంది. గని ఒక్కటి సమజ్ కాలే. గా నలుగురు ఒకళ్ళనొకళ్ళు ఎందుకు సంపుకోలే?” అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. “నేనొకణ్ణి. మిగిలిన ముగ్గురు ఎవరు?” అన్నాడు.

తమాషాకు కాదు అత్తమ్మా, నిజంగానే అడిగాడు. గంటసేపు అదే ప్రశ్న. బీఈడీలో నా క్లాస్‌మేట్ పేరు చెప్పాడు. మా పాల వ్యాను డ్రైవరు పేరు చెప్పాడు. చివరికి బాపిరాజు మాస్టారి దగ్గరికి వెళ్ళి నా జోలికి రావద్దని వేలు చూపించాడు. పాపం ఆయన, “బాబూ, నా మోకాళ్ళు చూడు నాయనా, నేను మెట్లే ఎక్కలేను” అన్నారు. అది విని పిల్లలు నవ్వారు. దాంతో వాడికి ఇంకా కోపం వచ్చింది. నా ఫోన్ లాక్కున్నాడు. నేను తిరిగి తీసుకోబోతే మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. నొప్పి, వదులు అన్నాను. వదల్లేదు. నవ్వుతూ, “నీకు గిట్లుంటేనే ఇష్టం కదా. సదివిన నేను” అన్నాడు.

వాచ్‌మన్ వచ్చాక వదిలాడు, ఫోన్ మాత్రం తనతోనే పట్టుకుపోయాడు. చెయ్యి వాచింది. ఎడమ చెయ్యి కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

నాకు భయంగా ఉంది. ఈ పెళ్ళి నాకు వద్దు. శుభలేఖలు అచ్చయ్యాయని, హాలుకు అడ్వాన్సు ఇచ్చారని నాకు తెలుసు. అమ్మ సర్దుకుపొమ్మంటుంది. నాన్న ఏమంటారో తెలియదు, ఆయన ఎప్పుడూ ఏమీ అనరు. సంబంధం తెచ్చింది నువ్వు. కాబట్టి చెప్పాల్సిందీ నువ్వే. నువ్వు కూడా సర్దుకుపొమ్మంటే దయచేసి ఉత్తరం రాయకు.

ఆ పుస్తకం ఇక నా కళ్ళకు చూపించకు. ముందు నాకు ఇష్టమైన పేజీలు తెరిస్తే ఇప్పుడు నా చెయ్యే కనిపిస్తోంది.

మృదుల


సైదాబాద్,
23 ఆగస్టు 2025.

బిడ్డా,

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. తర్వాత షట్టరు దించేశాను. బయట ఎవరో “అక్కా, హాల్ టికెట్” అని కొడుతూనే ఉన్నారు.

నాకు బుద్ధి లేదు. నువ్వు పళ్ళు కొరుక్కుంటూ రాసింది నేను పళ్ళికిలించుకుంటూ చదివాను. జీవితంలో ఎక్కడికి పోయావని నన్ను అడిగినవాడు లేడు కాబట్టి, అడిగేవాడంటే ప్రేమించేవాడే అనుకున్నాను. నా గొడవ తీసుకొచ్చి నీ మెడకు చుట్టాను. క్షమించమని ఒకసారి రాస్తున్నాను. ఎదురుపడ్డాక ఇంకోసారి అంటాను. ఇప్పుడు జరిగింది విను.

హయత్‌నగర్ వెళ్ళేసరికి మీ అమ్మ శుభలేఖలకు పసుపు పెడుతోంది. నీ ఉత్తరం గట్టిగా చదివాను. వదిన ఏడ్చింది, తర్వాత అన్నీ పుస్తకాల మీదికి తోసింది. “గా పాడు పుస్తకాలు సదివే గిట్లయింది. పిల్ల మనసు ఖరాబైంది, గా పిలగాని మనసూ ఖరాబైంది. పుస్తకాలు బంద్ జేస్తే అన్నీ సక్కగైతయి. కార్డులు అచ్చైనంక జనం ఏమంటరు ఉదయా?” అంది. నేను పెద్దగొంతు చేశాను. మా ఇద్దరి అరుపులకు పక్కింటివాళ్ళు టీవీ ఆపేశారు.

అన్న అన్నం తింటున్నాడు. అంత గొడవలోనూ తల ఎత్తలేదు. నీకు తెలుసు కదా, జీవితమంతా బస్సులో టికెట్, టికెట్ అని అరిచి ఇంటికొచ్చాక మాట్లాడటం మానేసిన మనిషి. మేం ఊపిరి తీసుకోవడానికి ఆగితే నావైపు చూసి అడిగాడు. “పోరి భయపడ్డదా?”

“అవునన్నా” అన్నాను.

“ఐతే అయిపాయె” అన్నాడు. చెయ్యి కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. ఉంగరం, వాళ్ళు పెట్టిన చీరలు సంచిలో పెట్టమన్నాడు. వదిన పెట్టనంటే తనే మడతపెట్టాడు. అన్న చీర మడతపెట్టడం నేను మొదటిసారి చూశాను, చాలా ఘోరంగా పెట్టాడు.

ఎల్బీనగర్‌లో వినయ్ వాళ్ళ ఇంట్లో మమ్మల్ని చూసి పెళ్ళిపనుల మీద వచ్చామనుకుని ముందు కూల్‌డ్రింకులు ఇచ్చారు. అన్న తాగకుండా సంచి టీపాయ్ మీద పెట్టాడు. సంగతి నేను చెప్పాను. వాళ్ళమ్మ, “ఎక్కువ ప్రేమ, గంతే వదినా. పెండ్లైతే సల్లబడ్తడు” అంది.

“కథల గూడ సల్లబడ్తరు” అన్నాను. “రాసినామె తల్సుకుంటే గా హంతకులు గూడ సల్లబడ్తరు. నీ కొడుకును రాసినోళ్ళు ఎవరు? వాన్ని సల్లబరిచే పేజీ ఎవరి చేతుల ఉంది?”

వాళ్ళ నాన్న రామస్వామి గారికి ఏమీ అర్థం కాలేదు. “ఏ హంతకులు? ఎవరు సచ్చిన్రు?” అని కంగారుపడ్డాడు. చెప్పాలంటే మొత్తం రెండు భాగాలూ చెప్పాలి, ఊరుకున్నాను.

అప్పుడు వినయ్ గదిలోంచి వచ్చాడు. నావైపు వేలు చూపించి, “ఆమెకు గసుంటోళ్ళే ఇష్టమని మీరే గదా పుస్తకం ఇచ్చిన్రు” అన్నాడు. నిజమే కదా. అదే అన్నాను. “ఇచ్చిన. నాది తప్పే. గని మే నెలల పిల్ల ఫోన్ల దూరినవు గదా, అప్పుడు ఏ పుస్తకం సదివినవ్?”

వాడు దవడ బిగించాడు. అన్న లేచి, “ఫోన్” అని చెయ్యి చాచాడు. ఆ ఒక్క మాటే. వాడు తెచ్చి ఇచ్చాడు. ఆ చెయ్యి అలాగే చాచి, లాప్‌టాప్ కూడా తెప్పించి, నీ వాట్సాప్ తన కళ్ళముందే తీసేయించాడు. అన్నకు అందులో ఏమీ తెలియదు. తెలిసినట్టు చూస్తూ నిలబడ్డాడు, అంతే.

వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కార్డుల వెనుక తెల్లగా ఉన్నాయి, కిరాణా చీటీలకు పనికొస్తాయని అంది. ఇక ఫర్వాలేదు.

ఆ పుస్తకాల సంగతి నీ ఇష్టం. పారెయ్యమంటే పారేస్తాను. కానీ ఒక్క మాట. సంతోషికి జరిగింది చెప్పాను, నీ పేరు చెప్పకుండా. ఆ పిల్ల తన కాపీ తెచ్చి చూపించింది. ఆమె గీతలు వేరేచోట ఉన్నాయి. కష్టమైన మాటలు పోగా, కథలో పిల్ల ఎదురు తిరిగిన చోట్లన్నీ గీసుకుంది. అదే పుస్తకం.

చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

మీ అత్త
ఉదయలక్ష్మి


ఉట్నూరు,
12 అక్టోబర్ 2025, ఆదివారం.

అత్తమ్మా,

దసరా సెలవుల్లో ఎదురుగా చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. నువ్వు నాలుగుసార్లు క్షమించమని అడిగి, ప్రతిసారీ నా కంచంలో ఇంకో గారె వేశావు. ఇక అడగకు, నా బ్లౌజులు పట్టడం లేదు.

వినయ్ కొన్నాళ్ళు వేరే వేరే నంబర్ల నుంచి చేశాడు. ఎత్తలేదు. పోలీసుల షీ టీమ్ వాళ్ళు వాడిని పిలిచి మాట్లాడాక ఆగిపోయింది. మా గేటు దగ్గర ఇప్పుడు బాపిరాజు మాస్టారు రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. “మనకి ఎలాగూ ఆ నలుగురిలో ఒకడని చెడ్డపేరొచ్చింది కదమ్మా, కాపలా పని కూడా చేసేద్దాం” అంటారు. తెల్ల కారు ఏది వెళ్ళినా లేచి నిలబడతారు. లేవడానికే ఆయనకు సగం సాయంత్రం పడుతుంది.

నాన్న మొన్న వచ్చారు. నాకు చెప్పకుండా బస్సెక్కి, మీ షాపులో పార్సిల్ తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. పైన ‘జనరల్ స్టడీస్’ అన్న పేరు చూసి ఆశగా, “గ్రూప్స్ రాస్తున్నవా బిడ్డా?” అన్నారు. ఊఁ అన్నాను. ఇప్పుడు నిజంగా రాయాల్సి వచ్చేట్టుంది. పిల్లలతో పాటు కూర్చుని భోంచేశారు. వినయ్ మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి, “నేనడుగుతనో లేదో అని ఆగకు. ముందే చెప్పు” అన్నారు. బస్సు కదిలిపోయింది. నేను చాలాసేపు బస్టాండులోనే ఏడుస్తూ కూర్చున్నాను. బఠాణీలమ్మే ఆవిడ నాకు ఊరికే ఒక పొట్లం ఇచ్చింది.

నాన్న తెచ్చిన ఆ పార్సిల్లో నవల మూడో భాగం పంపినందుకు ముందు నీ మీద కోపం వచ్చింది. కళ్ళకు చూపించకన్నాను కదా. పెట్టె అడుగున పడేశాను. చెయ్యి తగ్గిపోయింది, ఫోన్ వచ్చేసింది, ఉప్మా తింటున్నాను. ఈ ఒక్కటి మాత్రం వాడి దగ్గరే ఉండిపోయిందనిపించేది. నాకు ఇష్టమైన ఒక చెత్తను కూడా వాడు తీసుకుపోయాడని బాధగా ఉండేది. చెత్తే, కాదనను. కానీ నా చెత్త.

ఈ మధ్యాహ్నం పిల్లలంతా ఆటలకు వెళ్ళారు. నేను మంచం మీద బోర్లా పడుకుని తెరిచాను. మొదట ఆ హెచ్చరికల పేజీ చదివాను, అంతా, మెల్లగా. తర్వాత కథ. కత్తివాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అవే పిచ్చి మాటలు, నువ్వు నాదానివి, ఎక్కడికీ పోలేవు అని. పుస్తకం టప్పున మూసేశాను.

మూయగానే వాడి నోరు మూతపడింది అత్తమ్మా. గదిలో ఎవరూ లేరు. కిటికీలోంచి పిల్లల కబడ్డీ కూతలు వినిపిస్తున్నాయి. కాసేపు అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత నా అంతట నేనే మళ్ళీ తెరిచి, వాడిని వదిలిన చోటునుంచి మాట్లాడనిచ్చాను. భయపడ్డాను. ఎన్నాళ్ళకో హాయిగా భయపడ్డాను.

నీ మృదుల